మనిషి లేని గాడిద చెల్లదు

నాకు పగ అంటే ఇష్టం. ఈ మాట ఒప్పుకోవడానికి నేను ఇటలీ దాకా పోవాల్సి వచ్చింది.

అంతకు ముందు నేనూ మా అమ్మలాగే "పోనీలే, దేవుడు చూసుకుంటాడు" అనుకునేదాన్ని. దేవుడు పదకొండేళ్లు చూసుకోలేదు. ఆయనకు వేరే పనులున్నాయి కాబోలు.

మా ఊరు ఉప్పువంకపల్లి. గుత్తికీ అనంతపురానికీ మధ్యలో పెద్ద రోడ్డు దిగి లోపలికి ఏడు మైళ్లు పోవాలి. ఊళ్లో రెండు గేరులు. ఇళ్ల వరుసలన్నీ కలిపి మేం గేరి అంటాం. ఎత్తు మీద భూములున్నవాళ్లది పై గేరి. వంక పక్కన మాది కింద గేరి. ఊరి బట్టలు ఉతకడం, గాడిదల మీద మూటలూ ఇసుకా తోలడం మా పని. వంకలో నీళ్లు పారడం నేను పుట్టాక నాలుగుసార్లు చూశాను. మిగతా రోజులన్నీ బోరు కింద వంతు కాచుకుని ఉతకడమే.

ఉగాది మరునాడు సుంకులమ్మ జాతర. ఆ రోజు గాడిదల పరుగు. గేరికి ఒక గాడిద, వీపు మీద రెండు ఇసుక మూటలు, పక్కన పగ్గం పట్టుకుని పరిగెత్తే మనిషి ఒకడు. బస్సు షెల్టరు దగ్గర మొదలై సుంకులమ్మ గుడి మెట్టు దగ్గర ముగుస్తుంది. గెలిచినవాళ్లకు ఇచ్చేది ఒక పాత చీర. ఏడాదంతా అమ్మవారి ఒంటి మీదున్న పట్టుచీర ఆ రోజు విప్పుతారు. దాన్ని ఉతికి ఆరేసి మడతపెట్టి ఇస్తే, గెలిచిన గేరివాళ్లు తమ వీధి మొదట్లో కొయ్యకు కట్టుకుంటారు. మళ్లీ ఉగాది దాకా అది అక్కడే ఎగురుతుంది. ఆ గేరికి వచ్చే కొత్తకోడలు దాని కిందుగా నడిచి లోపలికి పోవాలి. ఎవరు గెలిచినా సరే, చీర ఉతికేది మాత్రం మా అమ్మ తిప్పమ్మ.

ఒకప్పుడు ప్రతి ఏడూ మేమే గెలిచేవాళ్లం. గాడిదలు మావి, పరిగెత్తే కాళ్లూ మావి. పై గేరివాళ్లు గాడిదను చేత్తో తాకరు. కానీ గాడిద పందెంలో ఓడిపోతే మాత్రం వాళ్లకు వారం రోజులు అన్నం దిగదు. ఆఖరికి వాళ్ల పెద్ద తిమ్మప్ప గుత్తి పక్క నుంచి ఓబిలేష్ అనే వాణ్ని పిలిపించాడు. మంచి గాడిద, మంచి కాళ్లు, చేతిలో ఒక చిల్లకంప కట్టె.

అప్పుడు నాకు పదమూడేళ్లు. గుడి దగ్గర జనంలో ముందు వరసలో నిలబడి ఉన్నాను. మా నాయన లక్ష్మన్న, మా గాడిద రంగి బోరింగు మలుపు తిరుగుతూ కనిపించారు. ఓబిలేష్ కన్నా రెండు బారలు ముందున్నారు. ఓబిలేష్ చెయ్యి చాపి కట్టెను నాయన కాళ్ల మధ్య పెట్టాడు. నేను చూశాను. ఊరంతా చూసింది. నాయన బోరింగు సిమెంటు గట్టు మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడలేదు గానీ, నాయన అరుపు వినపడింది.

పగ్గం వదులైనా రంగి ఆగలేదు. వీపు మీద రెండు మూటలతో ఒక్కటే పరిగెత్తుకుంటూ వచ్చి గుడి మెట్టు దగ్గర తనంతట తానే నిలబడింది. అక్కడ నాయన దానికి ప్రతి ఏడూ బెల్లంగడ్డ పెడతాడు. వెనక్కి తిరిగి నాయన కోసం చూసింది. ఓబిలేష్ గాడిద ఆ తర్వాత వచ్చింది.

మా గేరివాళ్లు ఈలలు వేశారు. తిమ్మప్ప మైకు అందుకున్నాడు.

"మనిషి లేని గాడిద చెల్లదు," అన్నాడు.

అలాంటి రూలు ఉందని అంతకు ముందు ఎవరూ విననైనా వినలేదు. వారం తిరక్కుండా గుడి ఎదురుగా పాల కేంద్రం గోడ మీద నీలం రంగుతో రాయించారు కూడా. ఒక్కో అక్షరం మూరెడు.

ఆ మధ్యాహ్నం నాయనను ఆటోలో గుత్తి ఆస్పత్రికి తీసుకుపోయారు. అమ్మ వెంట పోలేకపోయింది. చీర ఉతకాలి కదా. సాయంత్రంలోగా పై గేరికి ఇవ్వాలి. ఒక కొస అమ్మ పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను, ఇద్దరం కలిసి పిండాం. అమ్మ ఏడవలేదు. మడతలు ఒక్కటి కూడా వంకర పోకుండా పెట్టి, తీసుకెళ్లి తిమ్మప్ప చేతిలో పెట్టి, దండం పెట్టి వచ్చింది. ఆ దండం నేను మర్చిపోలేదు.

నాయన కాలు అతుక్కుంది గానీ రెండంగుళాలు పొట్టిదైంది. మూట ఎత్తలేడు, గాడిద వెంట నడవలేడు. ఆ ఎండాకాలం రంగిని అమ్మేశాం. కోస్తా నుంచి లారీ వచ్చింది. ఆ లారీలు గాడిదలను మాంసానికి తీసుకుపోతాయని ఊళ్లో అందరికీ తెలుసు. నాయన లారీ మనిషిని "పనికే గదప్పా?" అని అడిగాడు. వాడు "పనికే" అన్నాడు. నాయన నమ్మినట్టు తలూపి ఇంట్లోకి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటి నుంచి చీర పై గేరిలోనే ఎగురుతోంది. ప్రతి ఏడూ ఓబిలేషే గెలిచాడు. ప్రతి ఏడూ మా అమ్మే ఉతికింది.

నా పేరు కదిరమ్మ. మా అవ్వ పేరు. ఈ పేరుతో అనంతపురంలో ఇంజనీరింగు చదివినన్నాళ్లూ తోటివాళ్లు నన్ను ముసలమ్మను చేసి ఆడుకున్నారు. తర్వాత ఉపకార వేతనం వచ్చి ఇటలీలో మోంతెసాసో అనే కొండ ఊళ్లో పై చదువుకు చేరాను. అక్కడ నేను అద్దెకు దిగిన ఇల్లు ఎనభై ఏళ్లు దాటిన లీవియా అనే ఆవిడది. ఇంటి గుమ్మం మీద రాతిలో చెక్కిన బొక్కెన ఉండేది.

ఆ ఊరు ఆరు పేటలు. మాది పోజ్జో. అంటే బావి. చుక్క నీళ్లకు చచ్చే సీమ నుంచి వచ్చి బావి పేటలో దిగానని మొదటిరోజు నవ్వుకున్నాను. పక్క పేట పేరు కంపానా, అంటే గంట. నేను పెట్టె కింద పెట్టకముందే లీవియా చెప్పిన మొదటి మాట: "రొట్టె యాడన్నా కొనుక్కో, గంటోళ్ల వీధిలో మాత్రం కొనగాకు."

ఆవిడ మాట్లాడింది ఇటాలియనే. నాకెందుకో ఆవిడ ఏం మాట్లాడినా మా ఊరి మాటలాగే వినపడేది. తిట్టేటప్పుడు మరీను.

ఆవిడతో కలిసి బడికి పోయిన ముసలామె ఒకావిడ గంట పేటలో ఉండేది. ఇద్దరూ ఎదురుపడితే లీవియా చేతికర్ర మార్చి అవతలి పక్కకు దాటుకునేది. ఎందుకని అడిగితే, వాళ్ల తాత కాలంలో గంటవాళ్లు బావివాళ్ల గుర్రానికి ఏదో తినిపించి పందెం చెడగొట్టారట. ఏం తినిపించారంటే తెలియదు. ఏ సంవత్సరమంటే ఖచ్చితంగా తెలియదు.

"మరి ఇంకా ఎందుకవ్వా ఈ కోపం?" అన్నాను.

"ఆ పొద్దు గెలిచినోళ్లు ఇంకా గెలిచినట్లే అనుకుంటాండారు గదా," అంది.



జూలైలో పందెం వచ్చింది. ఊరి నడుమ రాళ్లు పరిచిన పెద్ద చౌకు ఉంది. వారం ముందు బళ్లకొద్దీ ఎర్రమట్టి తెచ్చి ఆ రాళ్ల మీద పరిచి తొక్కారు. ఏ పేటకు ఏ గుర్రమో చీటీలు తీసి చెబుతారు. వచ్చిన గుర్రం కుంటిదైనా మార్చుకోవడానికి లేదు. మాకు బ్రీచోలా అనే బక్క ఆడగుర్రం వచ్చింది. బ్రీచోలా అంటే రొట్టె తునక. గంటవాళ్లకు నల్లటి మగగుర్రం వచ్చింది. గుర్రం మీద ఎక్కేవాళ్లు మాత్రం ఊరివాళ్లు కారు, బయటి నుంచి పిలిపించిన అద్దె మనుషులు. అది విన్నప్పుడు నాకు ఓబిలేష్ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

పందెం రోజు మధ్యాహ్నం బ్రీచోలాను మా పేట చర్చిలోకి తీసుకుపోయారు. గుర్రాన్ని, దేవుడి ముందుకి, నున్నటి పాలరాతి మీద నడిపించుకుంటూ. ఎవరూ మాట్లాడకూడదు, గుర్రం బెదురుతుంది. ఫాదర్ దాని నుదుటి మీద నీళ్లు చల్లి, దాని చెవిలో చెప్పినట్టుగా "పో, గెలిచి రా" అన్నాడు. దానితోనే అన్నాడు. పక్కనున్న మనిషితో కాదు. అది తోకెత్తి ఆ పాలరాతి మీదే పేడ వేసింది. అది మంచి శకునమట, ముసలివాళ్లు ఒకరి చేతులొకరు నొక్కుకున్నారు. మా ఊళ్లో రంగి గుడి మెట్టు మీద కాలు పెడితే ఆ మెట్టును నీళ్లతో కడిగేవాళ్లు.

పందెం మూడు చుట్లు. జీను లేని గుర్రాలు. లీవియా నన్ను చౌకు మధ్యలో జనం నడుమ నిలబెట్టి నా మోచేయి పట్టుకుంది. తుపాకీ పేలింది. మొదటి చుట్టులో మేం మూడోవాళ్లం. రెండో చుట్టు మలుపులో బ్రీచోలా నల్లగుర్రాన్ని దాటింది. దాటుతుండగా గంటవాళ్ల మనిషి కొరడా ఎత్తి మా మనిషి మొహం మీద కొట్టాడు. అక్కడ అది తప్పు కాదట. మా మనిషి మట్టిలో పడ్డాడు.

అంతే. నేను కళ్లు మూసుకున్నాను. బోరింగు గట్టు, నాయన అరుపు, చీర కొస నుంచి కారిన నీళ్లు. ఇంకేం చూడాలి?

కానీ చుట్టూ జనం గోల తగ్గలేదు, పెరిగింది. కళ్లు తెరిచాను. బ్రీచోలా ఒంటరిగా పరిగెత్తుతోంది. వీపు మీద బరువు లేక ఇంకా జోరుగా, మలుపు దగ్గర లోపలి అంచు పట్టుకుని, ఎవరో చెప్పినట్టుగా. నల్లగుర్రం దాని తోక దగ్గరే ఉండిపోయింది. మూడో చుట్టు ముగిసింది. మా పేటవాళ్లంతా తాళ్లు దాటుకుని మట్టిలోకి దూకారు. ముసలాళ్లు గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తున్నారు. లీవియా తన ఎర్ర చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"చెల్లదు గదా?" అన్నాను నేను.

ఆవిడకు అర్థం కాలేదు.

"మనిషి పడిపోయినాడు. గుర్రం ఒక్కటే వచ్చింది. చెల్లదు గదా అవ్వా?"

లీవియా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పరిగెత్తింది ఎవురు?" అంది.

నేను ఆ ఎర్రమట్టిలోనే కూలబడ్డాను. పదేళ్లుగా రాని ఏడుపు వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి, పోజ్జో మీద ఈ పిల్లకు ఎంత ప్రేమో అని ముచ్చటపడి నా తల నిమిరారు. నాకు ప్రేమా లేదు, పాడూ లేదు. మా తిమ్మప్ప గొంతు పట్టుకోవాలని ఉంది.

మర్నాడు లీవియా నన్ను పేట మందిరానికి తీసుకుపోయింది. గెలిచిన ప్రతిసారీ ఇచ్చిన రంగుల గుడ్డలు గోడల నిండా వేలాడుతున్నాయి. ఆ గుడ్డను వాళ్లు ముద్దుగా 'గుడ్డపీలిక' అంటారు. అక్కడా గుడ్డ కోసమే ఈ చావంతా. ప్రతి గుడ్డ కింద గుర్రం పేరు బంగారు అక్షరాలతో ఉంది. మనిషి పేరు దాని కింద చిన్నగా ఉంది. కొన్నిచోట్ల మనిషి పేరే లేదు.

నేను మా కథంతా లీవియాకు చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం. అంతా విని, "నీకు ఏం గావాల? ఆ కట్టె పెట్టినోని కాలా?" అంది.

"కాదు. మేం గెలిచినామని చెప్పాల."

"ఎవురు చెప్పాల?"

"తిమ్మప్ప."

"అయితే వాని నోటితోనే చెప్పించు. అద్దెకొచ్చినోనితో తగాదా పెట్టుకోగాకు. వాణ్ని వాడుకో," అని చేతికర్రతో నేల మీద ఒకసారి కొట్టింది.

మరుసటి ఉగాదికి పది రోజుల ముందు, థీసిస్ కోసం బోరుబావుల లెక్కలు తీసుకోవాలని కాలేజీలో చెప్పి ఊరికి వచ్చాను. అది అబద్ధం కాదు. లెక్కలు కూడా తీసుకున్నాను.

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కనపడింది. తిమ్మప్ప, పక్కన ఆయన కొడుకు విష్ణువర్ధన్. 'వరుసగా పన్నెండోసారి సుంకులమ్మ చీర మా గేరికే' అని ముందుగానే వేయించేశారు. విష్ణువర్ధన్ సర్పంచి ఎన్నికల్లో నిలబడబోతున్నాడు. జాతరకు చుట్టుపక్కల ఊళ్ల పెద్దలందరినీ పిలిచారు. స్టేజీ, నాలుగు వైపులా మైకు గొట్టాలు. ఓడిపోయే ఆలోచన కూడా లేని ఆ ఫ్లెక్సీని చూస్తే నాకు కడుపు నిండినంత సంతోషం కలిగింది.

మర్నాడు గుత్తి పోయి ఓబిలేష్‌ను పట్టుకున్నాను. కోట కింద ఇటుకల బట్టీ దగ్గర ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక నేల చూపులు చూశాడు.

"లక్ష్మన్న కూతురివా? నాయన బాగుండాడా పాపా?"

"నడుస్తాండాడు," అన్నాను. "నువ్వు చేసినది అడగడానికి రాలేదన్నా. నీ పాత గాడిద ఏమైంది?"

వాడి మొహం మారింది. అది నేను ముందే విని వచ్చిన సంగతి. కిందటేడు గెలిచిన రోజే, పై గేరివాళ్లు ఊరేగింపు అని ఆ గాడిదను ఎండలో నాలుగు గంటలు తిప్పారు, నీళ్లు పెట్టలేదు. సాయంత్రానికి అది పడిపోయింది. పూడ్చడానికి తమ చేనులో మూరెడు చోటివ్వకుండా ట్రాక్టరుకు కట్టి వంకలోకి ఈడ్పించారు. తిమ్మప్ప "ఇంకోటి తెచ్చుకోప్పా, గాడిదలకేం కరువు" అన్నాడట.

"కుక్కలు పీక్కతిన్నాయి పాపా," అన్నాడు ఓబిలేష్. "నేను చూస్తా నిలబడినా."

నాకు జాలి కలిగింది, కొంచెమే. రంగి లారీ ఎక్కినప్పుడు వాడికి కలగనిది నాకెందుకు కలగాలని దాన్ని లోపలే నొక్కేశాను.

"ఈసారి నువ్వు గెలవాల," అన్నాను.

"అదేంది? ఓడిపొమ్మంటావనుకుంటి!"

"గెలువు. గాడిదను ముందే పంపించు. కానీ నువ్వు మాత్రం దాని వెంట రాగాకు. బోరింగు కాడ పగ్గం ఇడిచిపెట్టి పడిపో. సరిగ్గా మా నాయన పడిన చోటే పడాల."

ఓబిలేష్‌కు మెల్లగా అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"సిమెంటు గట్టు మీదేనా?" అన్నాడు.

"గట్టు మీదే."

"మెత్తగా పడితే కుదరదా?"

"కుదరదు."

వాడు పంటితో చుట్ట కొరికి, సరేనని తలూపాడు. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాయనకు తెలిస్తే ఒప్పుకోడు, ఆయనకు పగ చేతకాదు.

జాతర రోజు నాయన రాననే అన్నాడు. పదకొండేళ్లుగా ఆయన ఆ పందెం చూడలేదు. నేను, అమ్మ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి స్టేజీ పక్కన కూర్చోబెట్టాం. మా గేరి తరఫున మా చిన్నాయన కొడుకు రామాంజి పరిగెత్తుతున్నాడు. వాడికి కూడా ఏమీ తెలియదు. పాపం, నిజంగానే గెలవాలని పరిగెత్తాడు.

డప్పులు మోగాయి. దుమ్ము లేచింది. బోరింగు మలుపు దగ్గర మొదట కనిపించింది ఓబిలేష్ గాడిదే. పై గేరివాళ్లు టపాసులు అంటించారు. అప్పుడే ఓబిలేష్ చేతిలోంచి పగ్గం జారింది. వాడు రెండు చేతులూ చాపి సిమెంటు గట్టు మీద పడ్డాడు. ఎంత బాగా పడ్డాడంటే ముందు పన్ను ఒకటి ఊడి, ఆ రక్తంతోనే లేచి కూర్చుని నావైపు చూశాడు. వాడి బాకీ అక్కడితో సరి అనుకున్నాను.

గాడిద ఆగలేదు. రెండు మూటలతో ఒంటరిగా వచ్చి గుడి మెట్టు దగ్గర నిలబడింది. రామాంజి, వాడి గాడిద పది బారలు వెనక వచ్చారు.

స్టేజీ మీద పిలిస్తే వచ్చిన పెద్దలు, ఎదురుగా పన్నెండోసారి అని రాసిన ఫ్లెక్సీ, చుట్టుపక్కల ఊళ్ల జనం. మా గేరిలోంచి ఎవరో "చెల్లదు!" అని అరిచారు. ఆ మాట వినగానే తిమ్మప్ప కొరివి తొక్కినట్టు లేచి మైకు లాక్కున్నాడు.

"ఎట్ల చెల్లదప్పా? పరిగెత్తేది గాడిదనా, మనిషా? గాడిద ముందొచ్చింది, గాడిద గెలిచింది! మనిషితో ఏం పని?"

నాలుగు మైకు గొట్టాలూ ఆ మాటను నాలుగు దిక్కులకూ చెప్పాయి.

నేను ఈ మాట కోసం పదకొండేళ్లు ఎదురుచూశాను. స్టేజీ మెట్లు ఎక్కాను. తిమ్మప్ప నన్ను చూసి, ఎవరీ పిల్ల అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"పెద్దాయనా," అన్నాను. మా అమ్మలా సామీ అనలేదు. "ఆ గోడ మీద ఏం రాసుండాది? ఒకసారి చదువు."

జనమంతా పాల కేంద్రం గోడవైపు తిరిగారు. నీలం అక్షరాలు వెలిసిపోయాయి గానీ చదవడానికి బాగానే ఉన్నాయి. మొదట ఎవరో ఒకరు పైకి చదివారు. తర్వాత పదిమంది. తర్వాత పక్క ఊళ్లవాళ్లు కూడా, వాళ్లకు ఇదొక తమాషా, బడిపిల్లల్లాగా అందరూ కలిసి చదివారు. "మనిషి లేని గాడిద చెల్లదు!"

తిమ్మప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు.

"ఏదో ఒకటి చెప్పు పెద్దాయనా," అన్నాను మైకుకు దగ్గరగా. "చెల్లదంటే ఈ పొద్దు చీర మా రామాంజిది. మేం తీసుకుంటాం. చెల్లుతాదంటే మీదే, కట్టుకోండి. కానీ చెల్లితే పదకొండేండ్ల కిందట కూడా చెల్లినట్లే. ఆ పొద్దు గెలిచింది మేమే అని ఇదే మైకులో చెప్పాల."

"ఎప్పటిదో ఇప్పుడు ఎందుకు మే..." అని గొణిగాడు.

"ఆ పొద్దు గెలిచినోళ్లు ఇంకా గెలిచినట్లే అనుకుంటాండారు గదా," అన్నాను.

కింద జనం చప్పట్లు కొడుతూ "చెప్పు! చెప్పు!" అని మొదలుపెట్టారు. విష్ణువర్ధన్ లేచి తండ్రి చెవి దగ్గర వంగాడు. మెల్లగా అన్నానని అనుకున్నాడు గానీ మైకు వింటోంది. "చెప్పేయ్ నాయనా. ఫ్లెక్సీ కట్టించినాం. వీళ్ల ఓట్లు గూడా కావాల గదా. చెప్పేస్తే పీడా పోతాది."

తిమ్మప్ప నీళ్లు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, "ఆ యేడు... లక్ష్మన్న గెలిచినాడు," అన్నాడు.

మా గేరి విరగబడి అరిచింది. నేను నాయన కోసం చూశాను. సంతోషంతో ఏడుస్తుంటాడనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. కర్ర పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ స్టేజీ ముందుకు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. అలవాటు కొద్దీ దండం పెడతాడేమోనని భయపడ్డాను.

పెట్టలేదు.

"నేను యాడ గెలిచినాను?" అన్నాడు నాయన. గొంతు పెద్దది చేయలేదు. అయినా అందరూ ఊరుకున్నారు కాబట్టి వినపడింది. "నేను బోరింగు కాడ పడిపోయినా. మెట్టు కాడికి వచ్చింది రంగి. అది వచ్చి నాకోసం ఎనక్కి తిరిగి చూసిందంట, పాప చెప్పింది. గెలిచింది అది. దాని పేరు చెప్పండి."

"గాడిద పేరా?" అన్నాడు తిమ్మప్ప.

"ఊ. రంగి."

ఎవరో నవ్వబోయి నాయన మొహం చూసి ఆపుకున్నారు. పిలిస్తే వచ్చిన పెద్దల ముందు, కొడుకు ఎన్నికల ముందు, మూడు వందల ఎకరాల ఆసామి మైకు పట్టుకుని నిలబడ్డాడు. నేను మైకు తీగ కాలితో తొక్కి పట్టుకున్నాను, ఎవరూ లాగెయ్యకుండా.

"రంగి గెలిచింది," అన్నాడు తిమ్మప్ప.

"వినపళ్లే," అన్నాను. వినపడింది. అయినా అన్నాను.

"రంగి గెలిచింది!"

గొట్టాల్లోంచి ఆ పేరు వంక దాటి, ఎండిన శనగ చేల మీదుగా పోయింది. నాయన గుడివైపు చూడలేదు, నావైపు కూడా చూడలేదు. పెద్ద రోడ్డుకు పోయే దారివైపు, లారీ పోయిన వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నా పగ తీరిందని నేను అనుకున్నది మైకులో చెప్పించినప్పుడు కాదు, అప్పుడు.

పూజారి లోపలికి పోయి అమ్మవారి చీర విప్పి తెచ్చి, ఎప్పటిలాగే మా అమ్మ చేతిలో పెట్టాడు. ఏడాది పొడుగునా పడిన నూనె, పసుపు, కుంకుమ, ఆముదం మసి. అమ్మ దాన్ని ఒకసారి చూసింది. మోకాలి మీద పెట్టి మడత పెట్టబోయి ఆగిపోయింది. ఇది నా పథకంలో లేదు.

అమ్మ ఆ చీరను కుప్పగానే పట్టుకుని స్టేజీ దగ్గరికి పోయి తిమ్మప్ప చేతుల్లో పెట్టింది.

"ఈసారి మీరే ఉతుక్కోండి సామీ," అంది. దండం పెట్టకుండా వెనక్కి తిరిగింది.

నాలుగో రోజు నేను బస్సు ఎక్కడానికి పోతూ పై గేరి మొదట్లో ఆగాను. చీర కొయ్యకు వేలాడుతోంది. పట్టుచీర ఎట్ల ఉతకాలో ఆ గేరిలో ఎవరికీ తెలియదు. నూనె మరకలకు దుమ్ము అంటుకుని గాలికి కూడా లేవడం లేదు. ఫోటో తీసి లీవియాకు పంపించి బస్సు ఎక్కాను.